తాతబాబు గొంతు ఏ స్పీడులో ఉంది?

శనివారం పొద్దున వినోద్‌కుమార్ వేసుకున్న ప్లానులో తికమక ఏమీ లేదు. సైబర్‌జయలో కారెక్కాలి. దారిలో సొంతూరు హుటాన్ మెలింటాంగ్‌లో తాతనూ మామ్మనూ ఎక్కించుకోవాలి. సాయంత్రానికి జార్జ్ టౌన్‌లో కోగిలన్ రికార్డుల దుకాణానికి చేరాలి. అక్కడ తాత పాడిన పాత పాట కొత్త రికార్డుగా విడుదలవుతుంది, తాతకు శాలువా కప్పుతారు, అందరూ ఫొటోలు దిగి భోజనానికి పోతారు.

పాత రికార్డుల్ని వెతికి పట్టుకుని మళ్ళీ అచ్చు వేయించడం కోగిలన్ వ్యాపారం అనుకునేవాళ్ళున్నారు గానీ అది నిజానికి అతని పిచ్చి. దుకాణం గుమ్మంలో ఒక నల్లబల్ల పెట్టి రాబోయే రికార్డుల పేర్లు సుద్దముక్కతో రాస్తుంటాడు. అమెరికా పల్లెపాటలు, కంట్రీ, రాక్, అన్నీ పెద్ద పెద్ద టోపీల వాళ్ళవి. ఈ నెల వాళ్ళందరి కింద "కౌబాయ్ తాతబాబు, తెలుగు కంట్రీ" అని కూడా రాశాడు. ఆ బల్ల ఫొటో చూసుకుని వినోద్ నెల రోజులుగా ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

తాతబాబు వయసులో ఉన్నప్పుడు రబ్బరు ఎస్టేటులో పని చేసేవాడు. ఎక్కడో గిటారు నేర్చి, టోపీ కొనుక్కుని, సొంతంగా ఒక పాట కట్టి, ఇపో పట్నంలో స్టూడియోకి వెళ్ళి చిన్న రికార్డు చేయించాడు. ఎస్టేటు హాల్లో ఉన్న ఒకే ఒక్క ప్లేయరు మీద అది ఏళ్ళ తరబడి తిరిగింది. బరువైన మగగొంతు, నీరసమైన నడక. మాటలు బొత్తిగా తెలియవు గానీ వింటే ఏడుపు ముంచుకొస్తుంది. ఆ ప్లేయరు నుంచి ఎవరో కేసెట్టులోకి ఎక్కించారు, కేసెట్టు నుంచి ఫోన్లలోకి పాకింది. చివరికి ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరు పోయినా పదకొండో రోజున ఆ పాట వేసుకుని ఏడవడం ఆనవాయితీ అయిపోయింది.

చిత్రమేమిటంటే, రికార్డు వచ్చాక తాతబాబు మళ్ళీ నోరు విప్పి పాడలేదు. ఎవరడిగినా "రికార్డు ఉండగా నానెందుకు?" అనేవాడు. కళాకారుడి బెట్టు అని అందరూ గౌరవించారు. వినోద్ చిన్నప్పటి నుంచి బతిమాలి బతిమాలి ఊరుకున్నాడు. తాత గొంతు అతనికి ఆ రికార్డులో తప్ప ఎక్కడా దొరకలేదు. అందుకే ఇంట్లో మిగిలిన ఒక్క కాపీనీ కోగిలన్‌కి పంపి ఈ పని నెత్తిన వేసుకున్నాడు. తాత బతికుండగా, ఆయన కళ్ళ ముందు, లోకం ఆయన గొంతు వినాలి. అతని కోరికల్లా అదే.

మధ్యలో ఒక చిన్న పొరపాటు జరిగింది. అచ్చు వేసే ముందు ఫ్యాక్టరీ వాళ్ళు నమూనా రికార్డు పంపి, విని చెప్పమన్నారు. వినోద్ దగ్గర ప్లేయరు లేదు. ఆఫీసులో పని ఊపిరాడనివ్వడం లేదు. వినకుండానే, ఆ దేశపు అలవాటు కొద్దీ చివర "లా" తగిలించి, "ఓకే లా" అని మెసేజి పెట్టేశాడు.

కొత్త రికార్డుల పెట్టె నిన్న వచ్చింది. బయలుదేరే ముందు ఒక్కసారి వినిపోదామని పై అంతస్తులో ఉన్న రాజీవ్ తలుపు తట్టాడు. రాజీవ్‌ది బెజవాడ, వినోద్ ఆఫీసులోనే పని. పెళ్ళికని దాచుకున్నదంతా ప్లేయరు మీద పెట్టి, ఇంకా పెళ్ళి కాక, దానితోనే కాపురం చేస్తున్నాడు.

రికార్డు తిరిగింది. గిటారు గుర్రంలా పరిగెత్తింది. దాని మీద ఒక పడుచు గొంతు, లారీ ఎక్కి టౌనుకు పోదాం, సినిమా చూద్దాం, నాకు వేరుశెనక్కాయలు కొనిపెట్టు అని గడగడా పాడేసింది.

రాజీవ్ కాలితో తాళం వేస్తూ, "భలే ఉంది. మీ తాతగారి గొంతు ఇంత సన్నగా ఉంటుందా?" అన్నాడు.

"ఇది తాత కాదు" అన్నాడు వినోద్.

వెంటనే కోగిలన్‌కి ఫోను చేశాడు. కోగిలన్‌కి తెలుగు రాదు, ఇద్దరూ తమిళంలో మాట్లాడుకుంటారు.

"రికార్డులో ఎవరో అమ్మాయి పాడుతోంది, అన్నా."

"అవును, తంబీ, ఎంత బాగా పాడిందో. ఆవిడ కోసం పట్టుచీర కొన్నాను. గిటారు వాయించిన తాతకి శాలువా."

"ఏ ఆవిడ?"

"పాడినావిడ."

"ఆవిడెవరో నాకు తెలియదు."

"నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది? రికార్డు పంపింది నువ్వు."

ఈలోగా రాజీవ్ ఏమీ తోచక ప్లేయరు పక్కన స్పీడు మార్చే లివరును కిందికి నొక్కాడు. పాట స్పీడు తగ్గింది. గిటారు నీరసించింది. పడుచు గొంతు కిందికి దిగి, దిగి, పదకొండో రోజు గొంతుగా మారింది. అచ్చం తాత. వినోద్‌కి ప్రాణం లేచొచ్చింది.

"అదే. ఫ్యాక్టరీ వాళ్ళు స్పీడు తప్పుగా ఎక్కించినారు" అని రాజీవ్‌తో అని, ఫోన్లో కోగిలన్‌కి చెప్పాడు. "అన్నా, లివరు తగ్గించి వేయండి. అదే అసలు పాట."

"అలాగూ వేసి చూశాను, తంబీ. జలుబు చేసిన దెయ్యం మూలుగుతున్నట్టుంది."

"అది మా తాత గొంతు."

"మంచి గొంతు" అన్నాడు కోగిలన్ వెంటనే.

గొడవ అక్కడితో తీరిపోయేదే. కానీ కోగిలన్ ముందురోజే పాటలో కాస్త ముక్క ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. అది హుటాన్ మెలింటాంగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి పాకింది. ఆ గ్రూపును నడిపేది శంకర్, వినోద్‌కి వరసకు చిన్నాన్న, పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆయన ఫోను చేశాడు.

"ఒరే వినోదూ, ఇదేటిరా? మా నాన్న పదకొండో రోజున ఈ పాటేసి ఏడిసినాం. ఇప్పుడిది ఇంటే మా నాన్న డేన్సాడినట్టుంది."

"ఫ్యాక్టరీ తప్పు, చిన్నాన్న. సాయంత్రం అసలు స్పీడులో వేస్తారు. నేను ఉన్నాను లా."

"నువ్వుంటే సాలదు, మేమూ వస్తన్నాం" అని శంకర్ వ్యాను మాట్లాడాడు. గ్రూపులో పెద్దలంతా అందులో ఎక్కారు. ఇటు రాజీవ్ కూడా, కోగిలన్ ప్లేయరు మీద నమ్మకం లేదంటూ, తన ప్లేయరును కారు వెనక సీటులో పెట్టి, దానికి బెల్టు కట్టి, పక్కన కూర్చున్నాడు.

హుటాన్ మెలింటాంగ్‌లో తాతబాబు ఇస్త్రీ చొక్కా, టోపీతో సిద్ధంగా ఉన్నాడు. కారు ఆగీ ఆగకముందే, "అక్కడ మిషనుకి లివరుందేట్రా? అదెవులు నొక్కుతారు?" అని అడిగాడు. ఇంత వయసులో ఆయనకి యంత్రం మీద ఇంత శ్రద్ధ ఏమిటో వినోద్‌కి అంతుపట్టలేదు.

మామ్మ దేవుడమ్మ మాత్రం గుమ్మం దాటనంది. "నాకు మోకాళ్ళు నొప్పులు. మీరెల్లి రండి."

"రా, మామ్మా. ఆ కోగిలన్ నీకు పట్టుచీర కూడా కొన్నాడు."

అది మామ్మ కోసం కొన్నది కాదని వినోద్‌కి తెలుసు. పాడినావిడ ఎవరూ లేరు కాబట్టి ఎలాగూ మిగిలేదే కదా అనుకున్నాడు. కానీ దేవుడమ్మ చేతిలోని గ్లాసు జారి కింద పడింది.

"నాకు సీరెందుకు? నానేటి సేసినాను?"

ఎందుకు అంత కంగారు పడిందో వినోద్‌కి అర్థం కాలేదు. ఆవిడ మొగుడి వంక చూసింది. మొగుడు టోపీ సర్దుకున్నాడు. ఆవిడ వచ్చి వెనక సీటులో, ప్లేయరుకి అవతలి పక్క కూర్చుంది. దారి పొడుగునా దాని లివరు వంక పామును చూసినట్టు చూస్తూనే ఉంది.

జార్జ్ టౌన్ చేరేసరికి దుకాణం నిండిపోయి ఉంది. ఒక పక్క కోగిలన్ పిలిచిన కుర్రకారు, మరో పక్క వ్యానులో దిగిన పెద్దలు. కోగిలన్ రికార్డు వేశాడు. పాట పరిగెత్తింది. కుర్రవాళ్ళు గంతులేశారు.

శంకర్ వెళ్ళి లివరు కిందికి నొక్కాడు. పాట మూలిగింది. పెద్దలు వెంటనే కళ్ళు ఒత్తుకున్నారు. వెనక కుర్రవాళ్ళకు కరెంటు పోయిందేమోనన్న అనుమానం వచ్చింది.

కోగిలన్ లివరు పైకెత్తాడు. శంకర్ దించాడు. దుకాణం సగం ఆడుతూ సగం ఏడుస్తూ కాసేపు గడిచింది. రాజీవ్ మధ్యలో దూరి, తన ప్లేయరులో వేస్తే నిజం తేలుతుందన్నాడు. వేశారు. దానిలోనూ రెండు స్పీడులే ఉన్నాయి.

"చిన్నాన్న చెప్పిందే నిజం, అన్నా. ఇది తాత పాట. స్పీడు ఎక్కువైంది, అంతే" అని వినోద్ కోగిలన్‌కి నచ్చజెప్పబోయాడు. తాతబాబు కూడా కుర్చీలోంచి, "నెమ్మదిగానే ఏయండర్రా" అన్నాడు.

కోగిలన్ విసుగెత్తి గోడకు వేలాడుతున్న గిటారు తీసి తాతబాబు ఒళ్ళో పెట్టాడు. "అయ్యా, ఇది మీ పాటే కదా. నెమ్మదిగా తిరిగే రికార్డుతో కలిపి వాయించండి. కలిస్తే మీరు చెప్పిందే ఒప్పుకుంటాను."

పాట మూలుగుతూ మొదలైంది. తాతబాబు తీగలు మీటాడు. కలవలేదు. రికార్డులో గిటారు గొంతు ఎక్కడో పాతాళంలో ఉంది. ఒళ్ళో ఉన్న గిటారులో అన్నిటికన్నా లావు తీగ మీటినా అంత కిందికి దిగదు.

"గిటారులో లేని స్వరం గిటారు రికార్డులోకి ఎలా వచ్చింది?" అన్నాడు కోగిలన్. లివరు పైకెత్తాడు. పాట పరిగెత్తింది. తాతబాబు వేళ్ళు వద్దన్నా వినకుండా దాని వెంట పరిగెత్తాయి. ఒక్క తీగా తప్పలేదు.

వినోద్‌కి అప్పటికి తెలిసింది. పరుగే అసలు స్పీడు. అంటే పాడింది ఆ పడుచు గొంతే. అంటే తాత గొంతు ఆ రికార్డులో లేదు, ఎక్కడా లేదు. ఇంతమందిని పిలిచి, శాలువా తెప్పించి, ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పరువు తీస్తున్నది తనే. ఏడుపొచ్చేంత బాధేసింది. తాత మొహం చూడలేక నేల చూస్తూ నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"తప్పు నాదే. తాత పాట తీసేసి... ఎవరో అమ్మాయితో మళ్ళీ పాడించినాను."

శంకర్ చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఒరే, అబద్ధం ఆడకు" అంది దేవుడమ్మ, లేచి నిలబడి. "ఆ పిల్లని నానే."

దేవుడమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ఎవరి వంకా చూడకుండా చెప్పింది.

"ఇపోలో మైకు సరిగుందో లేదో సూడాలని, ముందు నన్నోపాలి పాడమన్నాడు ఆ స్టూడియో ఆయన. ఈయన గిటారు వాయించినాడు, నాను పాడినాను. తరవాత ఈయన పాడినాడు. ఆ మనిషి నాదే ఉంచేసినాడు. రికార్డు వచ్చిన దినం హాలు ఊడవడానికెల్లి ముందు నానే ఏసి ఇన్నాను. నా గొంతే వచ్చినాది. ఈయనేమో అప్పటికే ఎస్టేటంతా సెప్పుకొని తిరిగేత్తన్నాడు. ఏటి సెయ్యాలో తెలీలేదు. లివరు కిందికి నొక్కితే మగోడి గొంతులాగ ఇనిపించింది. బొచ్చెలో రబ్బరు పాలుంటే ఆ లివరు మీద పోసేసినాను. గట్టిగా అంటుకుపోయినాది. అంతే."

"మైకులో గొంతు బరువెక్కుతాది కాబోలనుకున్నాం" అన్నాడు శంకర్ నెమ్మదిగా.

దేవుడమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "నీ మనసు కష్టపడతాదని సెప్పలేదు. ఇన్నేళ్ళూ నిన్ను మోసం సేసినాను."

తాతబాబు గిటారు పక్కన పెట్టాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచు నిమిరాడు.

"రబ్బరు పాలు ఎన్నాళ్ళుంటాదే?" అన్నాడు.

"ఏటి?"

"ఎండిపోతే ఊడిపోదేటి? ఏడాది తిరక్కుండా ఊడిపోయీది. మళ్ళీ మళ్ళీ ఎవులు పోసినారనుకున్నావు?"

ఇన్నేళ్ళ అపరాధం ఒక్క మాటతో సగానికి సగం మొగుడి వాటాకి పోయిందని అర్థం కావడానికి దేవుడమ్మకి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "దొంగ సచ్చినోడా" అంది. వినోద్ తమిళంలో చెప్పగా అంతా విని కోగిలన్ పట్టుచీర ఇచ్చాడు. ఆవిడ ఈసారి కంగారు పడకుండా తీసుకుంది.

"మరి మేమందరం ఏడిసిందేటి?" అన్నాడు శంకర్.

"బాగానే ఏడిసినార్రా, ఎవులు కాదన్నారు" అన్నాడు తాతబాబు.

వినోద్ తాత కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అతనికి ఏదీ అర్థం కాలేదు గానీ ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. "తాతా, మరి నీ గొంతు ఎలాగుంటాది? ఒక్కసారి పాడు లా."

ఇక దాచడానికేమీ లేదు కాబట్టి తాతబాబు కాదనలేదు. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, ఆ లారీ పాటే ఒక చరణం మొత్తం పాడాడు. ఇపోలో ఏనాడో పోయిన ఆ స్టూడియో ఆయన ఎంత తెలివైనవాడో అక్కడున్న అందరికీ ఒకేసారి బోధపడింది. వినోద్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు, అదీ మనస్ఫూర్తిగా.

మరుసటి విడత రికార్డుల అట్ట మీద, టోపీ ఫొటో కింద, కోగిలన్ ఒక చిన్న స్టిక్కరు అంటించాడు: గానం దేవుడమ్మ, గిటారు తాతబాబు, రబ్బరు ఇద్దరూ.