నూకరత్నం గొంతు జాడీ

పీహెచ్‌డీలో చేరిన రోజున నూకరత్నం డిగ్రీ సర్టిఫికెట్లు, టీసీ, నాలుగు ఫోటోలతో పాటు తన గొంతును కూడా యూనివర్సిటీ ఆఫీసులో అప్పజెప్పి రసీదు పుచ్చుకుంది. అందరూ చేసేదే. ఫోటోలు అంటించడానికి జిగురు దొరక్క గంటసేపు కూర్చోబెట్టారు గాని, గొంతు తీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. అటెండరు సన్యాసయ్య ఒక జాడీ ముందు పెట్టి, అందులోకి ఓపాలి గట్టిగా దగ్గమన్నాడు. దగ్గింది. ఆవకాయ జాడీకి కట్టినట్టే మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి, నంబరు చీటీ అంటించి, బీరువాలో మూడో అరలో పెట్టాడు. వెళ్ళొస్తానని చెప్పబోయింది నూకరత్నం. పెదవులు కదిలాయి, అంతే.

నిబంధన ఈనాటిది కాదు. వెనకటికి స్కాలర్లకు గొంతులుండేవట. ఒక్కొక్కరూ గైడుతో వాదనకు దిగడం, అందువల్ల పరిశోధనలు ఏళ్ళతరబడి సాగడం చూసి పెద్దలు ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ పదకొండు సార్లు కూర్చుని, జీడిపప్పు తిని, ఆలస్యానికి కారణం మాటలేనని తేల్చింది. అప్పట్నించీ గొంతు గైడు అధీనంలో ఉంటుంది. పరిశోధన అవసరాలకు ఆయన వాడుకోవచ్చు. చివర్న వైవా జరిగేనాడు తిరిగి ఇచ్చేస్తారు, ఎందుకంటే పరీక్షకుడు అడిగిన దానికి అభ్యర్థి సొంత గొంతుతోనే జవాబు చెప్పాలని ఇంకో నిబంధన ఉంది. ఈలోగా ఆర్నెల్లకోసారి పంపే ప్రోగ్రెస్ రిపోర్టులో తొమ్మిదో గడి దాని కోసమే. "గొంతు క్షేమం" అని అచ్చువేసి ఉంటుంది, గైడు సంతకం చేస్తే సరిపోతుంది.

నూకరత్నం ఎత్తుకున్న పరిశోధన చేపలమ్మే ఆడవాళ్ళ కేకల మీద. ఎవరో అందిస్తే అందుకున్న విషయం కాదది. ఆమె తల్లి బంగారమ్మ ముప్పయ్యేళ్ళుగా గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతోంది. కడుపులో ఉండగానే ఆ కేక విన్న పిల్ల. ఎండనక వాననక అలాంటి ఆడవాళ్ళ వెనకాల తిరిగి ఆమె కనిపెట్టింది ఒక్కటే. ఆ కేకలో చేప పేరు ఎవరికీ సరిగ్గా వినబడదు, వినబడాల్సిన పనీ లేదు. చివరి అక్షరాన్ని ఒక్కొక్కరు ఒక్కో తీరున సాగదీస్తారు. వంటింట్లో ఉన్న ఇల్లాలు గిన్నె పట్టుకుని లేచేది చేప వచ్చిందని కాదు, ఫలానా మనిషి వచ్చిందని. నాలుగు వందల పేజీలు రాసినా సారం అంతే.

గైడు సదానందరావు గారికి ఆ గొంతు పట్టుకున్న క్షణమే నచ్చింది. తల్లి పోలిక గొంతు మరి, మైకు లేకపోయినా ఆఖరి వరసదాకా వినిపిస్తుంది. ఆయన దగ్గర నాలుగు జాడీలుండేవి. ఏడో ఏడు నడుస్తున్న కూర్మారావుది బొంగురు గొంతు గనక దాన్ని పరీక్ష హాళ్ళలో కేకలెయ్యడానికి ఉంచి, నూకరత్నానిది సదస్సులకు పెట్టుకున్నారు. వేదిక ఎక్కేముందు నములుతున్న వక్కపొడితోనే రెండు చెంచాలు గొంతులో పోసుకుని, హుఁ అని దగ్గి మొదలెట్టేవారు. ప్రసంగం అయ్యాక మిగిలినదాన్ని మళ్ళీ జాడీలోకి దగ్గేసేవారు. ఎంగిలి కలిస్తే ఏదీ నిలవుండదు బాబూ అని సన్యాసయ్య ఒకసారి భయపడుతూనే చెప్పాడు. అలాంటి షరతు నిబంధనల్లో ఎక్కడుందో చూపించమన్నారాయన. నిజమే, లేదు.

స్కాలర్లంతా పలకలు పట్టుకు తిరిగేవారు. సాయంత్రాలు క్యాంటీన్ మెట్లమీద అల్లం టీ తాగుతూ పలకల మీద కబుర్లు రాసుకోవడం, చెరుపుకోవడం, చప్పుడు లేకుండా పొట్ట పట్టుకు నవ్వుకోవడం, వాళ్ళకున్న సుఖం అదొక్కటే. గొంతు వచ్చాక మొదటి మాట ఏమిటని కూర్మారావు ఒకసారి రాసి అడిగాడు. ఆమె "అమ్మా" అని రాసింది. తానైతే "రెండు టీ, ఒకటి పంచదార లేకుండా" అని క్యాంటీన్ అదిరేలా అరుస్తానని రాశాడతను. ఏడేళ్ళుగా పంచదార టీయే తాగుతున్నాడు పాపం. పంచదార వద్దని సైగ చేస్తే టీయే వద్దన్నాడనుకునేవారు.

బంగారమ్మకు చదువు రాదు. మెసేజీ పెడితే చదివిపెట్టే మనిషి కోసం పేటంతా తిరగాలి. అందుకని తల్లీకూతుళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తల్లి అడుగుతుంది, కూతురు గోటితో ఫోను మీద కొడుతుంది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.

"ఏటే గుంటా, తిన్నావా?"

ఒకటి.

"మేస్టారు నీ కాయితాలు సూసినారా?"

రెండు.

"పోన్లే, సూస్తార్లే. ఆయనకి మాత్రం పన్లుండవేటి." ఫోను పెట్టేముందు మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేది. "డాట్రువైపోయినాక ఓపాలి అమ్మా అని పిలువు తల్లీ. నీ గొంతు ఎలాగుంతాదో మరిసిపోతన్నాను." దానికి ఎన్నిసార్లు కొట్టాలో వాళ్ళ ఏర్పాటులో లేదు.

మూడో ఏట తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. అయినవాళ్ళు పోతే ఏడవడానికి ఒక పూట గొంతు ఇవ్వాలని నిబంధనల్లో ఉంది, మరణ ధ్రువపత్రం జతచేస్తే. నాలుగో రోజున శవం ఒడ్డుకొచ్చింది. పదకొండో రోజున పత్రం వచ్చింది. ఆ రోజు గొంతు గైడుతో పాటు ఢిల్లీ సదస్సులో ఉంది. ఇక్కడ పేటలో ఆడవాళ్ళంతా రాగాలు తీసి ఏడుస్తుంటే నూకరత్నం నోరు తెరుచుకుని గుంజ పట్టుకు నిలబడింది. చదువుకున్న గుంటకి గుండె రాయైపోయిందన్నారు. అక్కడ ఢిల్లీలో ప్రసంగం మధ్యన గొంతు దానంతటదే జీరబోయి వణికిందట. సభంతా లేచి చప్పట్లు కొట్టిందని తిరిగొచ్చాక సదానందరావు గారు ఎంతో సంతోషంగా చెప్పారు.

ఆమె రాసిచ్చిన థీసిస్ ఆయన బల్లమీద పధ్నాలుగు నెలలు పడి ఉంది. ప్రమోషనుకు ఆయన చేతికింద ఇంకొక డాక్టరేటు తక్కువైందని తేలిన మర్నాడే చదవడమూ సంతకమూ పూర్తయ్యాయి.

వైవా నాటి భోజనం స్కాలరే పెట్టాలి. అది ఏ నిబంధనలోనూ లేదు గనక ఎవరూ తప్పరు. బంగారమ్మ వంజరం పులుసు వండి, స్టీలు క్యానులో పోసి, మొదటి బస్సుకి పంపింది. పరీక్షకుడికి రైలు టైముంది గనక ముందు భోజనం, తర్వాత పరీక్ష అనుకున్నారు. ఆయన ముక్కలన్నీ ఏరుకుని తిని, పరిశోధన చాలా లోతుగా ఉందని మెచ్చుకున్నారు.

అప్పుడు సన్యాసయ్య జాడీ తెచ్చాడు. వాసెన విప్పి, లోపలికి తొంగిచూసి, ఆమె మొహంవైపు చూడకుండా చెప్పాడు.

"తాగీమ్మా. ఉన్నకాడికి తాగీ."

తాగింది. వక్కపొడి వాసన వేసింది. పరీక్షకుడు మూతి తుడుచుకుంటూ, ఇంతకీ ఏం కనుక్కున్నావమ్మా అని అడిగారు. అయిదేళ్ళుగా నాలుక మీద దాచుకున్న మాట నూకరత్నానికి సిద్ధంగా ఉంది. వచ్చింది ఫలానా మనిషని తెలియడానికే ఆ కేక. అదే చెబుదామని నోరు తెరిచింది.

"హుఁ. మా సారు సూచించినట్టు, ఇది విపణి సంకేత వ్యవస్థ. ఇది గమనించదగ్గ విషయం."

పాలలో చెంచాడు తోడేస్తే పొద్దుటికి పాలేవి, తోడేది అని ఎవరు విడదీస్తారు? ఒకటి కాదు, అయిదేళ్ళు వేసిన తోడు. ఆమె నోరు మూసుకుని మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే దగ్గు, అదే సారు గొంతు. గురువు ముద్ర స్పష్టంగా ఉందని పరీక్షకుడు తన నివేదికలో రాసి, చేతులు కలిపి, ఆటో ఎక్కారు. సదానందరావు గారి కళ్ళు చెమర్చాయి.

ఆఖరున ఒక కాగితం మిగిలింది. గొంతు తిరిగి ముట్టిందని సంతకం పెట్టాలి, తేడాలుంటే నోటితోనే చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు. ఇది నాది కాదని చెబుదామనుకుంది నూకరత్నం. "హుఁ. తేడా ఏమీ లేదు" అంది గొంతు. గుమాస్తా రాసుకున్నాడు.

వరండాలో కూర్మారావు పలక మీద "డాక్టర్ గారూ" అని పెద్దక్షరాలతో రాసి కాచుకుని ఉన్నాడు. వెనకనించి దగ్గు వినబడేసరికి సారు వస్తున్నారనుకుని, పలక గబుక్కున చెరిపేసి, వెనక్కి దాచుకుని, తల వంచుకు నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటుకుని క్యాంటీన్ మెట్ల దాకా నడిచి, కూర్చుని, తల్లికి ఫోను చేసింది.

"హుఁ. అమ్మా. నేను డాక్టర్నయ్యాను."

అవతల గంప దింపిన చప్పుడైంది.

"మేస్టారండీ? దండాలండీ బాబూ. మా గుంట పోను మీకాడుందేటండీ? మా గుంటకేటైనా అయిందా బాబూ?"

"హుఁ. అమ్మా, నేనే. ఇది గమనించదగ్గ..."

"ఏటయిందో సెప్పండి బాబూ, మీ కాల్లట్టుకుంతాను." ఆ గొంతును వీధి చివరనించి విన్నా నూకరత్నం పోల్చుకుంటుంది.

నూకరత్నం గోటితో ఫోను మీద ఒక్కసారి కొట్టింది.

"నువ్వా తల్లీ. ఉన్నావా. పేనం పోయిందనుకో." బంగారమ్మ ఊపిరి పీల్చుకుంది. "డాట్రువైపోయినావా?"

ఒకటి.

"పులుసు బాగుందన్నారా?"

ఒకటి.

తల్లి గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు అడిగింది. "మేస్టారు నీకాడే ఉన్నారేటే?"

నూకరత్నం తన గొంతు తడుముకుంది. ఒక్కసారి కొట్టింది.