జీన్స్ స్టిక్కరు మహిమ

ఉపాధ్యాయుల కష్టాలన్నిటికీ మందు దొరికింది. నీలంగా ఉంటుంది, రెండు కాళ్లుంటాయి, వెనక రెండు జేబులుంటాయి. దాని పేరు జీన్స్ ప్యాంటు!

నవ్వకండి. ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. ఈ మందు పుచ్చుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

మా బడిలో టీచర్లు జీన్స్ వేసుకోవడం నేరం. టీచరన్నాక హుందాగా కనబడాలని మా బళ్లను నడిపే డిస్ట్రిక్టు వారి నియమం. పిల్లల ముక్కులు తుడిచి, ఒలికిన జిగురు గోకి, నేల మీద చతికిలబడి బూట్ల లేసులు కట్టే మనిషికి ఇస్త్రీ మడత ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా? అయితే మెచ్చుకోదగ్గ పని చేసినవాళ్లకు మా ప్రిన్సిపాల్ గ్రేబిల్ గారు ఒక గుండ్రటి స్టిక్కరు ఇస్తారు. 'నా జీన్స్ నేనే సంపాదించుకున్నాను' అని దాని మీద రాసి ఉంటుంది. అది గుండెల మీద అంటించుకుంటే ఆ ఒక్కరోజుకు నేరం మాఫీ. మధ్యాహ్నం చేతులు కడుక్కుంటుండగా అది తడిసి ఊడిపోయిందా, అక్కడినుంచి మళ్లీ నేరస్థులమే.

ఈ స్టిక్కరు చేయని మేలు లేదు. జనవరిలో గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోయి పిల్లలు కోట్లు విప్పకుండా కూడికలు చేస్తుంటే, పది గంటలకల్లా మా అందరికీ స్టిక్కర్లు అందాయి. పైగా ఉన్ని టోపీ కూడా పెట్టుకోవచ్చన్నారు. ఫోటోకాపీ మిషను మూలపడ్డప్పుడు ఒకటి. మధ్యాహ్నం విరామం ఎత్తేసి మమ్మల్ని క్యాంటీన్ కాపలాకు వేసినప్పుడు ఒకేసారి రెండు! తిండి తినే తీరిక లేకపోతే జీన్స్ నడుము దగ్గర వదులవుతుంది కదా, అదీ లాభమే. అంత ముందుచూపు ఉన్న యాజమాన్యం మీలో ఎంతమందికి దొరికింది?

ఇంత మంచి మందు కూడా పడనివాళ్లు ఉంటారు. మా పక్క గది లోర్నా స్ట్రౌస్ అలాంటి మనిషి.

లోర్నా తరగతిలో టెస్ అనే పాప ఉంది. ఏడేళ్లు. మంచి పిల్ల, బొమ్మలు బాగా వేస్తుంది. చప్పుడు ఎక్కువైతే మాత్రం తలుపు తోసుకుని పరుగు లంకించుకుంటుంది. తలుపు అవతల పార్కింగు, పార్కింగు అవతల రోడ్డు. అందుకని గదిలో తనకు తోడుగా ఇంకో పెద్ద మనిషి కావాలని లోర్నా సెప్టెంబరు నుంచి అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ మర్నాడు ఆఫీసులో ఆమె పేరున్న ఉత్తరాల గూట్లో ఒక స్టిక్కరు కనిపించేది. ఇక్కడ లోటు ఎక్కడుందో నాకైతే తెలియదు.

ఫిబ్రవరిలో ఒకరోజు నేను ఆఫీసు వాకిట్లో కాపీల కోసం నిలబడి ఉండగా లోర్నా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. పద్నాలుగు స్టిక్కర్లు తీసి ఆయన బల్ల మీద పరిచింది, పేకముక్కలు పరిచినట్టు.

"అయ్యో, ఒక్కటీ వాడుకోలేదేంటి?" అన్నారు గ్రేబిల్ గారు.

"నాకు జీన్స్ లేవండీ. ఇవన్నీ మీరే ఉంచుకోండి. వీటికి బదులు రోజుకి ఒక్క గంట ఒక మనిషిని పంపించండి, చాలు."

"మీ ఇబ్బంది నాకు తెలుసు లోర్నా."

"తెలుసని పోయిన నెల కూడా అన్నారు. నిన్న ఆ పిల్ల గేటు దాకా పోయింది. పొద్దున ఎనిమిదికి గదిలో అడుగుపెడితే మూడింటి దాకా నాకు బాత్రూముకి పోయే దారి లేదు. నేను అటు తిరిగితే చాలు, అది పోతుందేమోనని భయం."

గ్రేబిల్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన చెడ్డవాడు కాదు. మనిషి కావాలని డిస్ట్రిక్టుకు మూడు ఉత్తరాలు రాశారు. వాళ్లు మూడుసార్లూ ఒక స్టిక్కర్ల కట్ట పంపి ఊరుకున్నారు. చివరికి ఆయన ముఖం విప్పారింది.

"జీన్స్ మీకు పడవని ముందే చెప్పాల్సింది. మీ ఒక్కరికీ వదులుగా ఉండే స్వెట్‌ప్యాంట్లకి పర్మిషన్ ఇస్తాను. ఎవరికీ చెప్పకండి."

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే బయటికొచ్చిన లోర్నా నా ముఖం చూసింది.

మార్చిలో ఆమె ఉద్యోగం మానేసి మొక్కలు అమ్మే చోట చేరింది. మర్యాదకు ఫోన్ చేసి, అక్కడ బట్టల నియమం ఏమిటని అడిగాను.

"ఏమో, అడగలేదే. బాత్రూముకి పోవాలంటే ఎవరికీ చెప్పక్కర్లేదంట. అది విని సంతకం పెట్టేశాను" అంది. మళ్లీ తనే, "టెస్ ఎలా ఉంది? తలుపు వైపు కూర్చోబెట్టొద్దని కొత్తవాళ్లకి చెప్పు" అంది.

ఉద్యోగం వదిలేసిన మనిషి కూడా బడి గురించి ఆలోచిస్తుందంటే, మా వాతావరణం ఎంత చక్కనిదో చూశారా?

లోర్నా స్థానంలోకి ఎవరూ రాలేదు. ప్రకటనలో 'చేరినవారికి శుక్రవారాలు జీన్స్' అని పెద్దక్షరాల్లో వేసినా రాలేదు! అందుకని ఆమె తరగతిని రెండు ముక్కలు చేశారు. నాకున్న ఇరవై నలుగురికి మరో పన్నెండుమంది కలిశారు. వాళ్లలో టెస్ ఒకతె. ఈ భారానికి ప్రతిఫలంగా గ్రేబిల్ గారు నాకు బడిలో ఇంతవరకు ఎవరికీ దక్కని గౌరవం చేశారు. వేసవికి బళ్లు మూసేదాకా ప్రతిరోజూ జీన్స్ వేసుకోవచ్చు. రోజువారీ స్టిక్కరు కూడా అక్కర్లేదు, ఆయనిచ్చిన పర్మిషన్ కార్డు మెళ్లో వేసుకుంటే సరి.

దాని విలువ నాకు పోయిన మంగళవారం తెలిసింది. ఫైర్ అలారం పరీక్షిస్తామని ముందుగా ఎవరూ చెప్పలేదు. అది మోగీ మోగగానే టెస్ చెవులు మూసుకుని, భుజంతో తలుపు తోసుకుని బయట పడింది. నేనూ వెనకే పరుగెత్తాను. వయసు యాభై రెండు, మోకాళ్లు అంతంతమాత్రం. పార్కింగులో ఇంకా మంచు పేరుకుని ఉంది. రోడ్డు అంచున పాప కోటు నా చేతికి చిక్కింది. అవతల చెత్తబండి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇద్దరం మంచులోనే కూలబడ్డాం. దాని గుండె ఎలా కొట్టుకుందో నాదీ అలాగే కొట్టుకుంది.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు నేను స్కర్టు, ఎత్తు మడమల బూట్లు వేసుకుని ఉంటే అందుకోగలిగేదాన్నా? జీన్స్ వరమని అన్నానా లేదా?

గ్రేబిల్ గారు ఆఫీసు కిటికీలోంచి అంతా చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా. సాయంత్రం అందరి ముందూ నన్ను మెచ్చుకుని, వచ్చే ఏడాదికీ కార్డు పొడిగించారు.

నేను బయట ఉన్న ఆ ఆరు నిమిషాలూ గదిలో మిగిలిన ముప్పై ఐదుగురు పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారని మాత్రం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.