ఆపేసి తీసిన వీడియో

నది వీధిలోకి వచ్చి, సెలూన్ అద్దంలో తన మొహం తాను చూసుకుని వెళ్లిన ఏడాది అది. నీళ్లు తీశాయి. అద్దం మీద నడుమెత్తున మట్టి గీత మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. ఒడ్డున కరకట్ట కడతామన్నారు. కట్ట రావాలంటే ఆ వరసలో కొట్లు పోవాలన్నారు. బదులుగా మెరక వీధిలో గది ఇచ్చారు. గది మంచిదే. ఇచ్చినవాళ్లను ఒక మాట అనడానికి లేదు.

సెలూన్ ఆయన్ని అందరూ కత్తెరాయన అనేవారు. మనిషికి మాటలు తక్కువ. ఆయన వాటా మాటలు కూడా వాళ్ల పెద్దక్కే మాట్లాడేసేది. ముప్పై ఏళ్లు ఆ కొట్టులో ఆవిడ తువాళ్లు ఉడకబెట్టింది, నేల ఊడ్చింది, కుర్చీలో కూర్చున్నవాళ్లను తిట్టింది. వరద బురదలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో మంచం మీద ఉంది. కొట్టు పడగొడతారని తెలిసి తమ్ముణ్ణి ఒకటే అడిగింది.

"కొట్టు ఒక్కసారి చూపించరా. మళ్లీ నిన్నేమీ అడగను."

మళ్లీ అడగనని ఆవిడ అనడం అదే మొదలు. కత్తెరాయనకు భయం వేసింది. ఆ సాయంత్రమే ఫోటో స్టూడియోకు వెళ్లి, వాళ్లు వాడి పక్కన పడేసిన వీడియో కెమెరా ఒకటి కొనేశాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. లోపల చిన్న క్యాసెట్ వేయాలి. పక్కకి తెరుచుకునే తెర ఉంది గాని అది పాడైపోయింది, వెలగదు. వెనక కంతలోంచే చూడాలి.

"ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే తీస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ముందు ఎర్ర దీపం వెలిగిందంటే తీస్తున్నట్టు. అంతేనండీ, చిన్నపిల్లలు కూడా తీసేస్తారు" అన్నాడు స్టూడియో ఆయన.

కత్తెరాయన చిన్నపిల్లాడు కాడు. అదే చిక్కు.

కొట్టు పడగొట్టే రోజు పొద్దున ఆయన అనుకున్నది ఇంతే. ముందు గుమ్మం తీయాలి. తర్వాత కుర్చీ, అద్దం మీద గీత, వెనక గదిలో పెద్దక్క పొయ్యి, ఆవిడ కూర్చునే కిటికీ. మధ్యాహ్నం గునపాలు వస్తాయి. సాయంత్రం ఆస్పత్రిలో చూపించాలి. తప్పితే మళ్లీ తీయడానికి కొట్టు ఉండదు.

ఆఖరి బేరం పోస్టుమ్యాన్‌ది. గడ్డానికి సబ్బు పూసి, చేయి తిరగాలని కత్తెరాయన ముందు అతని మీదే కెమెరా పెట్టి బటన్ నొక్కాడు. దీపం వెలిగింది. పోస్టుమ్యాన్ బిగుసుకుపోయాడు. సబ్బు ఆరిపోతోంది గాని కనురెప్ప ఆడడం లేదు.

"ఏమయ్యా, మామూలుగా ఉండు" అన్నాడు కత్తెరాయన.

"ఎలా ఉంటాను? ఆ ఎర్ర దీపం నన్నే చూస్తోంది. నేనేదో చేసినట్టూ, దానికి తెలిసిపోయినట్టూ ఉంది. ముక్కు దురదగా ఉంది, గోక్కోవచ్చా?"

కత్తెరాయన సొరుగు లాగి, గీసుకున్నచోట వేసే ప్లాస్టర్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి దీపం మీద అంటించాడు. ఆ కొట్టులో ఎక్కడ ఎర్రగా కనిపించినా ఆయన చేసే వైద్యం అదే. దీపం మాయమైంది. పోస్టుమ్యాన్ ఊపిరి వదిలి, ముక్కు కసిదీరా గోక్కున్నాడు. ఈ సంబరంలో బటన్ మళ్లీ నొక్కాలన్న సంగతి కత్తెరాయన మరిచిపోయాడు. కెమెరా తన పని తాను చేసుకుంటూనే ఉంది.

అక్కణ్ణుంచి ఆయన తీయబోయి నొక్కినప్పుడల్లా అది ఆగింది. ఆపబోయి నొక్కినప్పుడల్లా తీసింది. కంతలో తీస్తోందో ఆగిందో చెప్పే అక్షరాలు కనిపించేవే. కానీ కళ్లద్దాలు పెట్టుకుంటే కన్ను కంతకు ఆనదు, తీసేస్తే కంతలోది కంటికి ఆనదు.

"తీస్తున్నా! ఎవరూ మాట్లాడకండి!" అని బటన్ నొక్కి గుమ్మం తీశాడు. వీధి చప్పుడు చేయలేదు. "ఆపేశా" అని మళ్లీ నొక్కి, కెమెరాను పట్టీతో భుజానికి తగిలించుకున్నాడు. అది తొడ దగ్గర వేలాడుతూ, నేలను చూస్తూ ఊగింది.

అప్పుడు నోళ్లు లేచాయి. పక్క టీకొట్టాయన చొక్కా మార్చుకుని వచ్చాడు.

"బావా, అక్కకి నేనో నాలుగు మాటలు చెబుతా, తియ్యి."

కత్తెరాయన నొక్కాడు. టీకొట్టాయన చేతులు కట్టుకుని, "పూజ్యులైన అక్కగారికి, మీరు త్వరగా కోలుకోవాలని..." అని మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుపోయాడు. కత్తెరాయన జాలిపడి "ఆపేశాలే" అని నొక్కాడు.

"హమ్మయ్య. అది కాదు బావా, నా టీలో నీళ్లెక్కువని ఎన్నేళ్లు తిట్టిందో తెలుసుగా? ఎక్కువే, నిజమే. ఇప్పుడు తిట్టే మనిషి లేదని పాలు ఎక్కువ పోస్తున్నా. రుచే లేదు. ఇది మాత్రం ఆవిడ చెవిన వేయకు."

"ఊఁ" అన్నాడు కత్తెరాయన.

మేస్త్రీ, మనుషులూ అప్పుడే దిగారు. గుంపు కనిపించింది, గుంపు మధ్యలో కెమెరా కనిపించింది. మేస్త్రీ తలపాగా విప్పి నెత్తి దువ్వుకుంటూ వచ్చాడు.

"సార్, టీవీవాళ్లా? మేం ఇంకా ఒక్క ఇటుక కూడా ముట్టుకోలేదు. ఈ అద్దానికి గీత పడకుండా దింపిస్తాం, రాసుకోండి."

"గీత ఉంది" అన్నాడు కత్తెరాయన.

"ఉన్న గీత ఉన్నట్టే దింపిస్తాం సార్!"

టీవీవాళ్లన్న మాట చాలు. పక్క వీధి బిలబిలమంటూ వచ్చింది. కుళాయి రావడం లేదని ఒకావిడ బిందె ఎత్తి చూపించింది. "రాకేం, వరదప్పుడు వచ్చిందిగా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆవిడ అటు తిరిగి తిట్లు అందుకుంది. తాను టీవీ కాదని చెప్పాలంటే మాటలు కావాలి. తీయడమే తేలిక. కత్తెరాయన వరసగా అందర్నీ తీశాడు. కొట్టునూ మూలమూలా తీశాడు. క్యాసెట్‌లో ఒక్కటీ పడలేదు.

మేస్త్రీ మనుషులు గునపాలు పక్కన పడేసి, కుర్చీనీ అద్దాన్నీ పసిబిడ్డల్లా ఎత్తుకుని మెరక వీధికి చేర్చారు. ఖాళీ కొట్టులో కత్తెరాయన భార్య చీపురు పట్టుకుంది.

"పడగొట్టేదాన్ని ఊడ్వడం దేనికే?" అన్నాడాయన.

"అది ఆపేశారా?"

"ఆపేశా."

"ఊడ్చినచోటే మళ్లీ ఊడ్చేది మీ అక్క. పిచ్చనుకునేదాన్ని. ఆవిడ పడిపోయిన మర్నాటినుంచీ నేనూ అలాగే ఊడుస్తున్నా. ఎందుకంటే నాకు తెలియదు. వదినకి చెప్పారో, మీకు అన్నం పెట్టను."

ఆయన కత్తి తీసి తోలుపట్టా మీద నూరుకుంటూ నిలబడ్డాడు. ఆ కొట్టులో నూరడం అదే ఆఖరు. తర్వాత మేస్త్రీ "మొదలెట్టమంటారా సార్?" అని అడిగి మరీ మొదలెట్టాడు.

సాయంత్రం ఆస్పత్రిలో నర్సమ్మ వార్డు టీవీకి వైరు తగిలించింది. పక్క మంచాలవాళ్లు దిండ్లు ఎత్తుగా పెట్టుకున్నారు. పెద్దక్క కళ్లద్దాలు తుడుచుకుంది. టీవీలో ముందు పోస్టుమ్యాన్ బిగుసుకుని కనిపించాడు. తర్వాత ముక్కు గోక్కున్నాడు. తర్వాత నేల వచ్చింది. కాళ్లు. కాలవ. మళ్లీ కాళ్లు.

"ఇదేంటండీ, అన్నీ చెప్పులే!" అంది భార్య.

కత్తెరాయనకు అప్పుడు తెలిసింది. కొట్టు ఈపాటికి ఇటుకల కుప్ప. అక్క అడిగిన ఆ ఒక్కటీ చేతిలోంచి జారిపోయింది. వైరు పీకేద్దామని లేచాడు.

"ముట్టుకున్నావంటే చూడు!" అంది పెద్దక్క. "ఆ తెగిన చెప్పు టీకొట్టువాడిది. ఏమంటున్నాడు వాడు?"

టీవీలో టీకొట్టాయన నీళ్ల సంగతి ఒప్పుకున్నాడు. మేస్త్రీ గీత సంగతి చెప్పాడు. వార్డంతా నవ్వింది. పెద్దక్క నవ్వలేదు, వింటోంది. చీపురు కనిపించింది. భార్య గొంతు వినిపించింది. భార్య కొంగు మొహం మీదికి లాక్కుంది. తర్వాత మనిషి కనిపించకుండా, తోలుపట్టా మీద కత్తి చప్పుడు. దాంతోపాటు సన్నగా ఎవరిదో కూనిరాగం.

"ఆ పాడేదెవరు?" అంది నర్సమ్మ.

"మా తమ్ముడే. కత్తి నూరేటప్పుడు పాడతాడు. వాడికి తెలియదు. చెబితే మానేస్తాడని ఎప్పుడూ చెప్పలేదు" అంది పెద్దక్క.

క్యాసెట్ అయిపోయింది. కత్తెరాయన తల ఎత్తలేదు.

"వీడియోలో కొట్టు పడలేదక్కా. అద్దం, పొయ్యి, కిటికీ... ఏదీ పడలేదు. తప్పయిపోయింది."

"కొట్టు నాకు తెలియదట్రా? కళ్లు మూసుకుంటే కనబడుతుంది, నువ్వు చూపించేదేముంది?" పెద్దక్క కళ్లద్దాలు మళ్లీ తుడిచింది. ఈసారి అద్దాలు నిజంగానే తడిశాయి. "నేను లేనప్పుడు నన్నేమనుకుంటారో, అదే తెలియదు. ఇన్నాళ్లూ భయపడి ఊరుకున్నారనుకున్నా. చాలురా. కడుపు నిండింది."

అంత మెత్తగా మాట్లాడినందుకు ఆవిడకే సిగ్గేసినట్టుంది. వెంటనే గొంతు పెంచింది.

"ఆ టీవాడితో చెప్పు, ఎప్పటిలాగే నీళ్లు పొయ్యమను. ఇదిగో అమ్మాయ్, కిటికీ కింద మూల ఊడ్చావా? వెంట్రుకలు అలాగే ఉన్నాయి, టీవీలో చూశాను."

"రేపు కొత్త కొట్టులో అక్కణ్ణుంచే మొదలెడతా వదినా" అంది భార్య, కొంగు తీసి.

"ఆ కొత్త కొట్టు కూడా ఇలాగే వీడియో తీసుకొచ్చి చూపించరా" అంది పెద్దక్క. మళ్లీ అడగనన్న మాట ఒక్క పూట కూడా నిలవలేదు. కత్తెరాయనకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన మెరక వీధిలో తలుపులు తీశాడు. అద్దం గీతతో సహా గోడకెక్కింది. దాని పక్కన కెమెరా పెట్టి, ప్లాస్టర్ ముక్క ఊడకుండా ఇంకోసారి గట్టిగా అదిమాడు. బటన్ నొక్కి, ఆపేశానని అందరికీ చెప్పాడు.