తొమ్మిది వందల అరవై పళ్ల గొర్రు

ఆ బుధవారం పొద్దున హనుమక్క సంగటి కెలుకుతూ కెలుకుతూనే మొగుడు కుళ్లాయప్పకు సంగతి చెప్పేసింది. మధ్యాహ్నానికి గుజిరీ ఆయన ఆటో వేసుకుని వస్తాడు, కొట్టంలో ఉన్న పదకొండు మిషన్లనూ పాత ఇనుము కింద ఎత్తుకుపోతాడు, ఆ చోట వేరుశెనగ మూటలు పెట్టుకోవాలి.

"పన్నెండేండ్లు సూసినా నేను. గడ్డి కోసే మిషన్లంట! ఈ సీమలో గడ్డి యాడుండాదప్పా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. కుళ్లాయప్ప గుమ్మఘట్ట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బోరు మోటార్లు బాగు చేసినవాడు. బోర్లు ఎండిపోయాక మోటార్లతో వచ్చేవాళ్లు లేకపోయారు గానీ, ఆ చేతులు ఊరుకుంటేనా? ఒకసారి బెంగుళూరు గుజిరీ అంగట్లో పచ్చరంగు ఇనుప బండి ఒకటి చూసి, పంపు అనుకుని తెచ్చుకున్నాడు. మట్టి దులిపి చూస్తే లోపల ఆరు కత్తులు, డ్రమ్ము చుట్టూ మెలి తిరిగి ఉన్నాయి. చక్రం కదిలిస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చి, కింది ఇనుప పట్టీని తాకీ తాకనట్టు రాసుకుని పోతున్నాయి. ఆ రోజు ఆ మనిషి అన్నం మరిచిపోయాడు. బెంగుళూరులో బంగళాల ముందు గడ్డిని అందానికి పెంచుతారట, పెరిగితే ఈ మిషన్లతో కోసి పారేస్తారట! పిడికెడు గడ్డి కోసం ఆవును తోలుకుని మైళ్లు నడిచిన ఊరు అది. పారేయడమనే మాట విని పెద్దవాళ్లు కూడా తెరిచిన నోరు మూయలేదు.

అప్పటినుంచి కనపడ్డ మిషనల్లా తెచ్చాడు, తుప్పు వదిలించాడు, లేని భాగాలు సొంతంగా చేసి బిగించాడు. పరీక్షకు గడ్డి దొరక్క పాత పేపర్లు కోసేవాడు. పదకొండు మిషన్లలో ఒక్కటీ గడ్డి ముఖం చూడలేదు.

"ఈ పొద్దు సోలార్ కాడికి పోతాండా," అన్నాడు కుళ్లాయప్ప. "ఇంజనీరు సారు రమ్మన్నాడు. ప్లేట్ల కింద నడుమెత్తు గడ్డి ఉండాదంట. రేపు పై ఆఫీసర్లు వస్తారంట."

ఇది మాత్రం నిజం. గుట్ట అవతలి సోలార్ కరెంటు కంపెనీలో వరసలు వరసలుగా పరిచిన ప్లేట్లను దుమ్ము పట్టకుండా నీళ్లతో కడుగుతారు. జారిన నీళ్లన్నీ కిందకే కదా. చుట్టూ కనుచూపుమేర ఎర్రమట్టి, ప్లేట్ల కింద మాత్రం పచ్చగా గడ్డి!

హనుమక్క గరిటె పక్కన పెట్టింది. "సరే. నాలుగు వరసలు నున్నగా చేసి సూపించు. నేనే వచ్చి సూస్తా. చేస్తివా, కొట్టం నీదే. లేకపోతే గుజిరీ ఆయప్పదే."

కుళ్లాయప్ప మొదటి మిషన్నే ఎంచుకున్నాడు. దానికి పాత మోపెడ్ ఇంజను బిగించి, ప్లేట్ల కిందికి తోయడానికి వీలుగా పిడిని ఎనిమిది అడుగులకు పొడిగించి ఉంచాడు. ఊళ్లో ఆటో తోలే ఆంజినప్ప బండిలో దాన్ని ఎక్కించి, పట్టలేని సంతోషంతో, "కంపెనీ గడ్డంతా ఈ పొద్దే కోసేస్తాన్రా," అన్నాడు. అతన్ని దింపి వెనక్కి వచ్చిన ఆంజినప్ప టీ అంగడి దగ్గర ఆ మాటే చెప్పాడు, ఒక్క మిషను కాస్తా రెండయింది. అంగట్లోంచి బయటికి వచ్చేసరికి ఐదయ్యాయి, గడ్డి లారీలకెక్కి బెంగుళూరికి బయల్దేరింది.

గొర్రెలు కాచే తిప్పేష్ చెవిన ఈ మాట పడగానే వాడు తన మోపెడ్ దగ్గరికి పరుగెత్తాడు. సోలార్ గేటుకు గొర్రెలు రాకూడదని బోర్డుంది. అయినా కంచె తీగ వదులైన చోట రోజూ ఐదారింటిని దూర్చి మేపుకునేవాడు. ఈ రోజుతో ఆ గడ్డి కూడా పోతే ఇంకేం మిగులుతుంది? కోతకు ముందే మేపేద్దామని మోపెడ్ స్టార్ట్ చేసి మంద ముందు నడిపాడు. రోజూ దాణా మూటలు ఆ మోపెడ్ మీదే వస్తాయి కాబట్టి, ఆ చప్పుడు వింటే మందంతా వెంట పరుగెత్తుతుంది. నూట ఇరవై గొర్రెలూ కంచె దాటాయి.

లోపల కుళ్లాయప్ప గడ్డిని చూసి చెప్పులు విడిచేశాడు. కాసేపు ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. తర్వాత నలభైసార్లు తాడు లాగితే ఇంజను అందుకుంది. గడ్డిని తాకిందో లేదో ఒక గులకరాయి కత్తుల్లో పడి, వాటిని తిప్పే బెల్టు తెగింది. చక్రాలు తిరుగుతున్నాయి, కత్తులు తిరగడం లేదు. ఇంజను ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని ఆపకుండానే వంగి చూస్తున్నాడు. వెనక ఏదో నములుతున్న చప్పుడు. తిరిగి చూస్తే మంద!

"రేయ్ తిప్పేషా! తోలుకోరా నీ గొర్లను!"

"రావటంలే మామా! నీ మిషన్ నా బండి మాదిరే అరుస్తాండాది. దాని ఎంటే పోతాండాయి!"

వాటిని తప్పించుకుందామని కుళ్లాయప్ప మిషన్ను పక్క వరసలోకి తోశాడు. గొర్రెలూ వరస మారాయి. ఇంకో వరసలోకి పరుగు తీశాడు. అవీ మేస్తూ మేస్తూ వచ్చాయి. ప్లేట్ల కింద, ఇనుప స్తంభాల మొదట్లో, చెయ్యి దూరని సందుల్లో కూడా ఒక్క పోచ విడవలేదు. పదకొండున్నరకు నాలుగు వరసలు పెళ్లికొడుకు గడ్డంలా నున్నగా తేలాయి.

దూరంగా జీపు చప్పుడు. కుళ్లాయప్ప ఇంజను ఆపేశాడు. తిప్పేష్ మోపెడ్‌ను గట్టిగా రొద పెట్టించి, మందను అవతలి వైపునుంచి దాటించేశాడు. జీపులోంచి ఇంజనీరు జయచంద్ర దిగాడు, దారిలో ఎక్కించుకున్న హనుమక్క కూడా దిగింది. ఇంజనీరు నాలుగు వరసలనూ చివరిదాకా చూశాడు.

"కుళ్లాయప్ప గారూ! ఇదంతా మీ మిషనే కోసిందా?"

కుళ్లాయప్పకు అబద్ధం చెప్పడం రాదు. "లేదు సార్. మిషన్ ఒక్క పోచ గూడా కోయలేదు. గొర్లు సార్."

తంటా అంతా అక్కడే వచ్చింది. ఈ సీమలో గొర్లంటే గొర్రెలు. ఇంజనీరుది గుంటూరు వైపు. అక్కడ గొర్రు అంటే విత్తనాలు వేసే పళ్ల పనిముట్టు.

"వెనకాల గొర్రు కూడా బిగించారా?"

"బిగించలేదు సార్, వాటంతట అవే ఎనకాల వచ్చినాయి."

"మా నాన్న గొర్రుకు నాలుగు పళ్లుండేవి. మరి మీ దానికి?"

"ఒక్కోదానికి ఎనిమిది సార్, కింద. పైన ముందర పళ్లుండవు. నూటిరవై ఉండాయి సార్."

ఇంజనీరు పెదవులు కదిలాయి. "తొమ్మిది వందల అరవై పళ్లు!" తర్వాత నేలమీదికి వంగాడు. "మరి ఈ నల్ల గుళికలు?"

"అవి గూడా గొర్లు ఏసినవే సార్."

"ఆహా! మా గొర్రు విత్తనం వేసేది. మీ గొర్రు ఎరువు వేస్తోంది!"

హనుమక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గొర్రెల వాసన తెలిసిన మనిషి ఆమె. కుళ్లాయప్ప ఒకడుగు ముందుకు వేశాడు. "సార్, అది కాదు సార్, గొర్లంటే..."

ఇంజనీరు చెయ్యెత్తి ఆపాడు. కంచె తీగకు చిక్కుకున్న ఉన్ని పోగు మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు: "చూడండి. గొర్రెలైతే నా ఉద్యోగం పోతుంది. గొర్రు రాకూడదని ఏ బోర్డు మీదా లేదు. మిషను ముందు నడవాలి, మిగతాది నేను చూడలేదు. ప్రతి నెలా రండి. ఒకటి చెడిపోతే ఇంకో మిషనుందా?"

"ఇంకా పదుండాయి సార్."

"ఒక్కటీ పారేయకండి."

హనుమక్క అప్పటికే ఫోన్ తీసి గుజిరీ ఆయనతో మాట్లాడుతోంది: "ఏమన్నా, నువ్వు రావద్దు. మా ఆయన కంపెనీ పని పట్టినాడు."

తిరిగి వచ్చే దారిలో తిప్పేష్ ఎదురొచ్చి కుళ్లాయప్ప చేతులు పట్టుకున్నాడు. "మామా, నీకు దండం పెడతా. బెల్టు మాత్రం బాగు చేయొద్దు. నువ్వు కోసేస్తే నా గొర్లకు ఏముంటాది?"

మరుసటి నెల కుళ్లాయప్ప ఆరు కత్తులనూ మిషన్లోంచి విప్పి, పదును పెట్టి, నూనె రాసి, గుడ్డలో చుట్టి కొట్టంలో భద్రంగా దాచి, గడ్డి కోయడానికి బయల్దేరాడు.