విదేశీ కోటు, చిలకపచ్చ జేబు

వస్తువు నాణ్యతను కేవలం కంటిచూపుతో పసిగట్టగల అధికారులు దేశంలో బహు కొద్దిమంది ఉన్నారనీ, వారిలో మావారు ఒకరనీ ప్రభుత్వమే గుర్తించి, ఆయన్ను విదేశంలో జరిగే సదస్సుకు పంపింది. నన్ను ప్రభుత్వం గుర్తించలేదు కాబట్టి నా టికెట్టు మేమే కొనుక్కున్నాం.

సదస్సు ఐదు రోజులు. దేశదేశాల నాణ్యతాధికారులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాణ్యత గురించి మాట్లాడుకుని, మధ్యమధ్య చల్లారిన కాఫీ తాగారు. చివరి రోజు వందన సమర్పణ చేసే భాగ్యం మావారికి దక్కింది. ఆ తర్వాత గ్రూపు ఫొటో. అది మా ఊరి ఆఫీసు హాల్లో, మాజీ డైరెక్టర్ల సరసన గోడకెక్కుతుంది. బతికుండగానే గోడకెక్కడమంటే మాటలు కాదు.

నాలుగో రోజు మావారు హోటలు గది అద్దంలో తనను తాను తనిఖీ చేసుకుని, కోటును తిరస్కరించారు.

"ఇదేం కోటే! భుజాలు చూడు, గోనెసంచి తొడుక్కున్నట్టుంది. ఊరెళ్లగానే ఆ టేపు బాబాయ్ సంగతి తేలుస్తా. ఈ ఏడు ఆఫీసు యూనిఫారాలు ఆయనకిచ్చేదే లేదు."

టేపు బాబాయ్ అంటే మా వీధి టైలరు. పెళ్లికెళ్లినా ఆయన మెడలో టేపు ఉంటుంది. మావారి ఆఫీసు సిబ్బంది యూనిఫారాలు కుడితే ఆయన ఇల్లు ఏడాదంతా గడుస్తుంది. ఎనిమిదేళ్ల కిందట ఈ కోటు కుట్టినప్పుడు లోపలి జేబుకు గుడ్డ చాలకపోతే, నా జాకెట్టు గుడ్డలోంచి చిలకపచ్చ ముక్క కత్తిరించి సర్దాడు. ఆ జాకెట్టుకు చేతులు పొట్టివయ్యాయి. మావారికి ఈ చరిత్ర తెలియదు. ఆయన పర్సు, కళ్లజోడు, పాస్‌పోర్టు, ఉపన్యాసం అన్నీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి కనుక ఆ జేబులో ఆయన ఏనాడూ చెయ్యి పెట్టలేదు.

కొత్త కోటు కోసం రెండు పెద్ద దుకాణాలకు వెళ్లాం. ధర చీటీ చదివిన మరుక్షణం రెండు చోట్లా ఆయనకు కోట్లలో నాణ్యతాలోపం కనిపించింది. హోటలు రిసెప్షన్‌లోని అమ్మాయి జాలిపడి, వెనక వీధిలో పాతబట్టల దుకాణం ఉందని చెప్పింది.

"ఎవరో విప్పేసినవి నేను తొడుక్కోవడమా?" అని మావారు గర్జించారు. పది నిమిషాల తర్వాత, వాడిన వస్తువుల పునర్వినియోగ విధానాన్ని క్షేత్రస్థాయిలో అధ్యయనం చేయవలసిన ఆవశ్యకత ఆయనకు తోచింది. అధ్యయనానికి బయల్దేరాం.

దుకాణం ఒక ధర్మసంస్థది. జనం తమకు అక్కర్లేనివి తెచ్చిస్తారు. తెల్లజుట్టు పెద్దావిడ వాటిని బ్రష్షుతో దులిపి, ఆవిరి ఇస్త్రీ పట్టి, దారంతో చీటీ కట్టి, చెక్క హ్యాంగరుకు తగిలిస్తుంది. సాసర్లు పోగొట్టుకున్న కప్పులు ఒక అరలో, లేసులతో ఒకదానికొకటి కట్టేసిన బూట్లు ఒక అరలో ఉన్నాయి. పాతవాసన వస్తుందేమోనని మావారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. సబ్బు వాసన వచ్చేసరికి చిన్నబుచ్చుకుని తీసేశారు.

ఇక్కడ మావారి అలవాటొకటి మనవి చేయాలి. విప్పిన బట్టను ఆయన వెనక్కి చూడకుండా చాపుతారు. అందుకోవడానికి అక్కడొక చెయ్యి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. ఆ రోజు మాత్రం ఆ చెయ్యి రెండు వరసల అవతల ఊలు శాలువా ఒకటి తడుముతోంది. మావారు కోటు విప్పి చాపారు. పెద్దావిడ అందుకుంది. గుండెలమీద చెయ్యి పెట్టుకుని రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పింది.

"చూశావా, ఇక్కడివాళ్లకు అధికారులంటే ఎంత గౌరవమో!" అన్నారాయన.

ఆ తర్వాత పద్నాలుగు కోట్లు తొడిగి చూశారు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఒకదాని బొత్తాలకూ కాజాలకూ స్నేహం కుదరలేదు. పదిహేనోది ఆవిరి ఇంకా ఆరకుండా కిటికీ పక్కన వేలాడుతోంది. మావారు అక్కడే ఆగిపోయారు. తొడుక్కున్నారు. అటు తిరిగారు, ఇటు తిరిగారు.

"ఇదీ కోటంటే! భుజాలు చూడు, కొలిచి కుట్టినట్టు లేవూ?"

"కొలిచే కుట్టి ఉంటారండీ."

"ఇటు రా, ఇది చూడు. లోపల చిలకపచ్చ జేబు! మనవాళ్లకు చచ్చినా వస్తుందా ఈ ఊహ? ఆ టేపు బాబాయ్‌కి వస్తుందా?"

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను. అంతలో, నవ్వులపాలైన మావారి కోపానికి ఆగిపోయిన బాబాయ్ కుట్టుమిషను కళ్లముందు మెదిలింది.

"ఎలా వస్తుందండీ," అని మూసేశాను.

డబ్బు కట్టేచోట పెద్దావిడ కోటునూ మావారినీ మార్చి మార్చి చూసింది. తానిచ్చినదాన్ని తానే డబ్బుపోసి కొనుక్కునేంత గొప్ప దాత ఆ దుకాణానికి మునుపెన్నడూ రాలేదట. చీటీ విప్పి నా చేతిలో పెట్టి, ఆయనకు మరోసారి కృతజ్ఞతలు చెప్పింది.

వీధి మలుపులో ఆయనకు గుర్తొచ్చింది. "అవునూ, నా పాత కోటేదీ?"

"మీ దగ్గరే ఉందండీ."

"ఎక్కడో పడుంటుందిలే. పారెయ్."

నేను ఎప్పుడూ ఆయనతో అబద్ధం ఆడను.

మర్నాడు వందన సమర్పణ దిగ్విజయంగా జరిగింది. "మిత్రులారా! నాణ్యత అనేది చూసే కంటికి దానంతటదే కనబడుతుంది. దాన్ని దాచడం ఎవరితరమూ కాదు," అని మావారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఫొటో అయ్యాక సదస్సు అధ్యక్షుడు దగ్గరికొచ్చి, కోటు అంచు పట్టి చూసి, చేత్తో కుట్టిన బొత్తాం కాజాలు తమ దేశంలో కనుమరుగైపోయాయనీ, మీ టైలరు ఎవరో చెబుతారా అనీ అడిగాడు. మీ ఊళ్లో కొన్నదే అన్నారు మావారు. అధ్యక్షుడు నమ్మలేదు.

"తన ఊరి సరుకు తనకే తెలీదు, పాపం," అని మావారు దారిపొడుగునా నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మేమిద్దరం ఒకేసారి నవ్వడం చాలా అరుదు.

ఊరొచ్చిన మూడో నాడు టేపు బాబాయ్‌కి కబురెళ్లింది. కోటును కుర్చీకి తొడిగి, కుర్చీని హాలు మధ్యలో పెట్టించారు. "చూసి నేర్చుకో బాబాయ్. విదేశీ పనితనం. ఇలా కుట్టగలిగితే యూనిఫారాలు నీవే. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటా."

బాబాయ్ కళ్లజోడు సవరించుకున్నాడు. కాలరు తిరగేశాడు, కుట్టు తడిమాడు, లోపలి జేబు తెరిచాడు. తెరిచి, తలెత్తి నావైపు చూశాడు. నేను కిటికీ పరదా చూస్తున్నాను.

"అబ్బో, ఇది చెయ్యి తిరిగినవాడి పని బాబూ," అన్నాడు చివరికి. "మరి ఈ పచ్చగుడ్డ ఎక్కడ దొరుకుతుందో ఏమో, అమ్మాయ్?"

"పొట్టి చేతుల జాకెట్టు వేసుకునేవాళ్లింట్లో దొరుకుతుంది బాబాయ్."

"ఆడవాళ్ల ముచ్చట్లు ఆపండి," అన్నారు మావారు. "కుట్టగలవా, లేదా?"

"కుట్టొచ్చు గానీ, విదేశీ పని కదా. కూలి కాస్త ఎక్కువవుతుంది."

"నాణ్యతకు వెనకాడేది లేదు!" అని మావారు అక్కడికక్కడే మంజూరు చేశారు.

ఇప్పుడాయన ఫొటో ఆఫీసు గోడమీద ఉంది. దాని కింద సిబ్బంది అంతా విదేశీ పనితనంలో తిరుగుతున్నారు.

దుకాణం చీటీ మాత్రం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. మొన్న ఏదో మాటకు మావారు "నీకేం తెలుసు, ఊరుకో" అన్నప్పుడు దాన్ని బయటికి తీసి దారం కొలుచుకున్నాను. చీటీని మెడలో వేసుకోవడానికి సరిపోయింది. మళ్లీ సదస్సుకు పిలుపొస్తే, ఆ చీటీ వేసుకుని దుకాణం కిటికీ పక్కన నేనూ ఓ గంట నిలబడదామనుకుంటున్నాను, ఆయన కంటికి నా నాణ్యతా కనబడుతుందేమోనని. మీ కాపురానికీ ఇరవయ్యేళ్లు నిండి ఉంటే రండి. అక్కడ హ్యాంగర్లకు కొదవలేదు.