ఉత్తర దిక్కు ధ్రువీకరణ

ఉత్తరం ఎటుందో భూమికి తెలిసి ఉండవచ్చు. దాన్ని ధ్రువీకరించే అధికారం మాత్రం ఆఫీసుదే. ఈ సత్యాన్ని దేశంలో అందరికన్నా ముందు గుర్తించింది మరైగూడలోని గగన ఔషధ కేంద్రం. వానాకాలంలో వాగవతలి ఊళ్లకు డ్రోన్‌తో మందులు పంపడం దాని పని. (మిగతా కాలాల్లో బ్యానర్లు కట్టడం.)

డ్రోన్ నడిపేది ఇంద్రాణి. శిక్షణలో ఆమెకు చెప్పింది రెండే ముక్కలు. డ్రోన్‌ను దూరం తీసుకెళ్లినప్పుడో, యాప్ అడిగినప్పుడో దాని దిక్సూచిని సరిచేయాలి. ఆ పని ఇనుముకు, బండ్లకు, కరెంటు తీగలకు దూరంగా చేయాలి. ఇంత చిన్న నియమంతో ప్రభుత్వం నడవదు కాబట్టి, దిక్సూచి నోడల్ అధికారి సీతారాములు దాన్ని కాస్త పెంచారు. రోజూ హాజరు వేశాక, కేంద్రం ముందున్న ఇనుప బోర్డు పక్కనే దిక్సూచిని సరిచేయాలి. ఫొటోలో బోర్డు, జీపు, అధికారి ముగ్గురూ కనబడాలి. లేకుంటే ఎగిరే అనుమతి రాదు.

ఆగస్టులో ఒక పొద్దున వాగవతలి నుంచి ఆరోగ్య కార్యకర్త ఇర్మె ఫోన్ చేసింది.

"అక్కా, మంగ్లీకి మలేరియా. కడుపుతో ఉంది. ఒళ్లు కాలిపోతాంది, మాట తడబడతాంది. నా దగ్గర మందులు అయిపోయినయ్."

"ఇప్పుడే పంపుతున్న," అంది ఇంద్రాణి. (అది ఆమె సొంత అభిప్రాయం.)

బోర్డు పక్కన డ్రోన్‌ను తిప్పగానే యాప్ అభ్యంతరం చెప్పింది: అయస్కాంత అంతరాయం ఉంది, వేరే చోటికి జరగండి. ఇంద్రాణి వెనక బీడులోకి పరుగెత్తి, చేతి కడియం తీసేసి, డ్రోన్‌ను ఒకసారి అడ్డంగా, ఒకసారి ముక్కు కిందికి పెట్టి తిప్పింది. సరిపోయింది.

సీతారాములు ఫొటో చూసి పెదవి విరిచారు.

"బోర్డేదమ్మా?"

"బోర్డు ఇనుముది సార్. అదుంటే దిక్కు తప్పుతది."

"బోర్డు లేకుంటే అది ఏ దిక్కో పైవాళ్లకెట్ల తెలుస్తది?"

అయినా ఆయన మనసు మంచిది. నలుగురితో బోర్డు పీకించి బీడులోకి మోయించారు. జీపును బురదలోంచి నెట్టించారు. మళ్లీ డ్రోన్‌ను తిప్పమన్నారు. యాప్‌కూ విసుగొచ్చిందేమో, ఈసారి ఒప్పుకుంది.

"సార్, ఇది తప్పుడు ఉత్తరం. పైకి పోయినాక తిక్కతిక్కగ తిరుగుతది."

"అనుమతి వచ్చిన ఉత్తరం తప్పెట్లయితది? లేపు."

ఇంద్రాణి డబ్బాలోంచి సగం మందులు తీసి కొంగున ముడేసుకుంది. మిగతా సగంతో డ్రోన్‌ను లేపింది.

అది గానుగెద్దులా బోర్డు చుట్టూ తిరిగింది. ఆ చుట్టు పెద్దదైంది, ఇంకా పెద్దదైంది. చివరికి వాగులో పడింది. (ప్రవాహం దక్షిణానికి. యాప్ లెక్కలో మాత్రం డ్రోన్ ఉత్తరానికే కొట్టుకుపోయింది.)

ఇంద్రాణి వాగు దగ్గరికి పరుగెత్తేసరికి ఇర్మె ఇవతలి గట్టున వణుకుతూ కూర్చుని ఉంది. చూసి చూసి, అవతలి చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని తనే దాటి వచ్చేసింది. ఇంద్రాణి మందుల మూటను ఆమె తలకు గట్టిగా కట్టింది. ఇర్మె తిరిగి నీళ్లలోకి దిగి, అవతలి గట్టు ఎక్కేదాకా ఇంద్రాణి తాడు ఇవతలి కొసను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అరచేతులు ఒరుసుకుపోయిన సంగతి తర్వాత తెలిసింది.

మంగ్లీ బతికింది. లేచి గంజి అడిగిందని కబురొచ్చింది.

వాగు తగ్గాక ఇర్మె మందుల కోసం వచ్చినప్పుడు సీతారాములు విచారణ జరిపారు.

"మందులు చేరినయా?"

"చేరినయ్ సార్."

"అయితే పథకం సక్సెస్. ఎంత ఎత్తున పోయినయ్?"

ఇర్మెకు అర్థం కాక, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపింది. ఎగిరిన ఎత్తు ఛాతీ లోతు అని ఆయన రాసుకున్నారు.

ఇంద్రాణి ఉండబట్టలేక అడిగింది. "మళ్ల వాగొస్తే ఎట్ల సార్? కొత్త డ్రోన్ ఎప్పుడొస్తది?"

"కొత్తదెందుకమ్మా?" సీతారాములు ఇర్మె వైపు పెన్ను చూపించారు. "ఉంది కదా."