ఎండు కుంచె బోర్డు

పదకొండింటికి మాలూరు నుంచి శ్రీనివాసమూర్తి వస్తాడు, బోర్డు చూస్తాడు, నచ్చితే తన పన్నెండు రాగి తినుబండారాల అంగళ్ళకూ బోర్డుల పని ఇచ్చేస్తాడు. ఆ ఉదయం నయన వేసుకున్న పథకం ఇంతే. బెంగళూరులో డిజైను చదివి, కేజీఎఫ్‌లో తాతగారింట్లో కంప్యూటరు పెట్టుకున్నాక ఇదే ఆమె మొదటి పెద్ద పని. ఎండిన కుంచెతో ఒక్క ఊపున లాగినట్టు, అక్షరం నిండా చారలు చారలుగా ఖాళీలుండే ఫాంటు ఏరికోరి ఎంచుకుంది. కాఫీ పొట్లాల మీదా పచ్చడి సీసాల మీదా ఇప్పుడు అదే ఫ్యాషను. చేత్తో రాసినట్టు కనబడాలని కంప్యూటరు పడే అవస్థ అంతా ఇంతా కాదు.

ఆ ఫాంటుతో ఎర్ర అక్షరాలు వేయించిన నమూనా చెక్క బోర్డును వరండాలో ఆనించి నయన స్నానానికి వెళ్ళింది. అంతలో తాత చిన్నన్న అటు వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళు అక్కడి బంగారు గని దగ్గర డేంజర్ బోర్డులు రాసిన మనిషి. అక్షరం వెలిసిపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని రాత్రిళ్ళు నిద్రపోనివాడు.

"పాపం, పిల్లను ఎవుడో మోసం చేసినాడు. రంగు చాల్లేదు," అనుకుని, అటక మీది ఎర్ర పెయింటు డబ్బా దించి ప్రతి చారనూ శ్రద్ధగా నింపేశాడు. రంగు కారుతోందని అవ్వ మారమ్మ తడిగుడ్డతో తుడిచింది. దాంతో ప్రతి అక్షరానికీ ఒక తోక మొలిచింది.

నయన వచ్చి చూసి ఏడ్చేసింది.

"తాతా! ఆ ఖాళీలు కావాలనే పెట్టినాను. అందమంతా ఆడనే ఉండాది!"

"ఖాళీలో అందం యాడిదమ్మా?"

"ఎవరో మనిషి నిలబడి రాసినట్టు ఉండాల తాతా!"

"మరి నేను మనిషిని కాదా?" అని గొణిగాడు కానీ, మనవరాలి కళ్ళు చూశాక కుంచె పక్కన పెట్టేశాడు. ముగ్గురూ టర్పెంటైనూ కొబ్బరి పీచూ పట్టుకుని గోకడానికి కూర్చున్నారు. కావలసిన చోట కొన్ని ఖాళీలు వచ్చాయి, అక్కర్లేని చోట బోలెడు వచ్చాయి.

శ్రీనివాసమూర్తి అరగంట ముందే దిగాడు.

"ఒక మాట చెప్పేదానికే వచ్చినానమ్మా. నిన్న నువ్వు పంపిన ఫోటోలో అక్షరాలు వెలిసిపోయినట్టు ఉండాయి. అంగడి మూసేసినారని అనుకుంటారంట జనం, మా అమ్మ అంటా ఉండాది. నిండుగా కొట్టియ్యి. లేకుంటే నేను ఇంగొకరిని చూసుకుంటాను."

నయన తాత వైపు తిరిగింది. పక్కనే ఎర్ర డబ్బా తెరిచే ఉంది. తాత ఆనందంగా కుంచె అందుకుంటాడనే అనుకుంది. ఆయన డబ్బా మూత బిగించాడు.

"వద్దప్పా. ముప్పై ఏండ్లు గని కాడ డేంజర్ బోర్డులు నిండుగా రాసినోణ్ణి నేను. ఆ బోర్డు చూసి ఒక్కడన్నా దగ్గరికి రాలేదు. దూరంగా పొమ్మనే కదా అట్లా రాసేది! నీ అంగడికి జనం రావాల్నా, పోవాల్నా?"

శ్రీనివాసమూర్తి బోర్డు మీది ఒక తోకను వేలితో తడిమి, ముసలాయన ఎర్రటి చేతుల వంక చూశాడు.

"సరే, పన్నెండూ ఇట్లే చేసియ్యండి," అన్నాడు. "ఆ తోకలు కూడా ఉండనీండి."

సాయంత్రం తాత మిగిలిన రంగుతో తన ఇంటి తలుపు మీది నంబరును ఒక్క ఖాళీ లేకుండా దిద్దుకున్నాడు.